చత్వారం వచ్చిన బ్యాచ్

(పదో తరగతి 1982-83 బ్యాచ్ పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో భోజనాల తర్వాత చేసిన ప్రసంగం. రాలేకపోయిన మిత్రుల కోసం రికార్డింగ్ విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. సార్, మీరు కూర్చోండి సార్. మా కోసం లేవొద్దు. మీరు వచ్చి ముందు వరుసలో కూర్చోవడమే మాకు పండుగ.

బగారన్నం తిన్నాక మాట్లాడమన్నారు నన్ను. కళ్ళు మూతలు పడే వేళ అని తెలుసు. కళ్ళ గురించే మాట్లాడతాను కాబట్టి కాసేపు తెరిచి ఉంచండి.

పొద్దున మన పాత గదిలో హాజరు పిలిచారు కదా. నా పేరు వినబడగానే లేచి నిలబడి ‘ప్రెజెంట్ సార్’ అన్నాను. లేవమని ఎవరూ చెప్పలేదు. కాళ్ళే లేచాయి. మీవీ లేచాయా, లేదా? మోకాళ్ళ నొప్పి అని పొద్దున బస్సు దిగేటప్పుడు నా భుజం పట్టుకున్నవాడు కూడా టక్కున లేచాడు, నేను చూశాను. కొన్ని పేర్లకు జవాబు రాలేదు. ఆ పేర్ల దగ్గర సార్ ఒక్క క్షణం ఆగి, తర్వాతి పేరుకు వెళ్ళారు. నేనూ అలాగే ముందుకు వెళ్తాను.

హాజరు అయ్యాక మన గ్రూపు ఫొటో ఒకటి చేతులు మారింది, గుర్తుందా? పదో తరగతి వీడ్కోలు రోజు దిగింది. నేను ఫొటోను చూడలేదు, ఫొటో చూసేవాళ్ళను చూశాను. నా ఉద్యోగం అలాంటిది. ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు దవాఖానలో, ఊళ్ళలో పెట్టే శిబిరాల్లో కంటి పరీక్షలు చేస్తున్నాను. డాక్టరును కాను. చార్టు చదివించి, అద్దాల నంబరు తేల్చి, ఆపరేషన్ అవసరమైనవాళ్ళను పెద్ద దవాఖానకు పంపే పని. కాబట్టి నా కన్ను ఎప్పుడూ ఎదుటివాళ్ళ కళ్ళ మీదే ఉంటుంది.

ఏం చూశానో చెప్పనా? ఫొటో చేతికి రాగానే ప్రతి ఒక్కరి చేయీ ముందుకు చాచుకుంది. తల వెనక్కి వెళ్ళింది. కళ్ళు చిన్నవయ్యాయి. తర్వాత కిటికీ వైపు రెండు అడుగులు. ఒకరి తర్వాత ఒకరు, అందరూ అదే వరస! పీటీ పీరియడ్‌లో కూడా మనం ఇంత ఒక్కతీరుగా కదల్లేదు. పీటీ సార్ ఉంటే ఎంత సంతోషించేవారో.

దాన్ని చత్వారం అంటారు. ఆ మాట ఎక్కడిదో తెలుసా? సంస్కృతంలో నలభైని చత్వారింశత్ అంటారు. ఉర్దూలో చాలీస్. మన పెద్దలు ఆ జబ్బుకు, జబ్బు కాదు లెండి, ఆ మార్పుకు వయసునే పేరుగా పెట్టేశారు. నలభై వచ్చిందా, చత్వారం వచ్చిందన్నమాట. ఎంత నిజాయితీ గల పేరు! నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ‘చూపు బాగానే ఉంది సార్, ఫోన్‌లో అక్షరాలే చిన్నగా వస్తున్నాయి’ అంటారు. చేతిలో ఉన్న మందు చీటీని ఈ చివర నుంచి ఆ చివరకు జరుపుతూనే అంటారు.

కంటి లోపల ఒక కటకం ఉంటుంది. చిన్నప్పుడు అది మెత్తగా ఉంటుంది. దగ్గరి వస్తువును చూడాలంటే ఉబ్బుతుంది, దూరం చూడాలంటే పలచబడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. నలభై ఏట ఒక రోజు వచ్చి పడేది కాదు ఇది. మనం ఈ బడిలో ఉన్నప్పుడే మొదలైంది. పదేళ్ళ పిల్లలు మూడంగుళాల దూరంలో ఉన్నదాన్ని కూడా స్పష్టంగా చూడగలరు. నలభైకి అది తొమ్మిది, పది అంగుళాలు అవుతుంది. అరవైకి దాదాపు మూడడుగులు. మన చేయి ఎంత పొడుగు? రెండడుగుల పైచిలుకు. లెక్కల సార్ ముందున్నారు కాబట్టి మిగతా లెక్క ఆయనకే వదిలేస్తున్నాను.

మూడంగుళాలు! ఆ మూడంగుళాలు ఎక్కడ వాడామో గుర్తు తెచ్చుకోండి. తొలకరి పడగానే చెలకల్లోకి పరుగెత్తేవాళ్ళం. ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కల్లా ఆరుద్ర పురుగులు తిరుగుతుండేవి. పట్టుకొచ్చి అగ్గిపెట్టెలో పెట్టి, కొంచెం మట్టి వేసి, నాలుగు గడ్డిపోచలు వేసి, ముక్కుకు ఆనించుకుని చూసేవాళ్ళం. ముట్టుకుంటే కాళ్ళు లోపలికి ముడుచుకునేది. ఒక్కొక్క కాలూ కనిపించేది నాకు. ఆ మెత్తటి నూగు మీద అంటుకున్న మన్ను రేణువు కూడా కనిపించేది. మొన్న వానాకాలం మా మనవరాలు ఒకటి పట్టుకొచ్చి, ‘తాతా, చూడు’ అని సరిగ్గా నా ముక్కు దగ్గర పెట్టింది. ఎర్ర మసక కనిపించింది. వెనక్కి జరిగి, జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాను. అప్పుడు కాళ్ళు కనిపించాయి. ‘ఎనిమిది ఉన్నాయి తాతా’ అంది. నిజమే, ఎనిమిదే. అన్నేళ్ళు ముక్కుకు ఆనించి చూశాం కదా, మనలో ఎవరైనా లెక్కపెట్టామా?

చత్వారం ఒక్కటేనా! పొద్దున నుంచి మిమ్మల్ని చూస్తున్నాను, ఎన్ని గుర్తులో. భోజనాలకు వెళ్ళగానే మనం ముందు కూరలు చూడలేదు, వెనక్కి ఆనుకునే కుర్చీలు ఎక్కడున్నాయో చూశాం. కూర్చునేటప్పుడు ‘అమ్మా’, లేచేటప్పుడు ‘నారాయణా’. అమ్మను, దేవుణ్ణి ఇన్నిసార్లు తలుచుకున్న రోజు చిన్నప్పుడు ఒక్కటీ లేదు. మైసూర్ పాకు రాగానే అందరూ వద్దన్నారు, తర్వాత ఒక్కొక్కరూ ‘సగం పెట్టు’ అన్నారు. ఆ సగాలన్నీ కలిపితే ట్రే ఖాళీ. రైలులో వచ్చిన మిత్రుడు కింది బెర్తు దానంతట అదే వచ్చిందని సంబరంగా చెప్పాడు. అరవై నిండిన మగవాళ్ళకూ, నలభై ఐదు నిండిన ఆడవాళ్ళకూ, ఖాళీ ఉంటే, కింది బెర్తు ఇస్తారు. ఒకప్పుడు పైబెర్తు కోసం అన్నదమ్ములు కొట్టుకునేవాళ్ళు కదా!

ఇక పేర్లు. ‘వాడేరా, మూడో బెంచీ, వాళ్ళింట్లో బర్రె రెండు దూడలను ఈనింది’ అంటాం. బర్రె గుర్తుంది, దూడలు గుర్తున్నాయి, వాడి పేరు మాత్రం రాదు. నలుగురం కలిసి ఒక్కో అక్షరం అందించుకుని పేరు బయటికి లాగుతాం. వచ్చాక ఎంత సంతోషం! పొద్దున అలా ఒక పేరు దొరికినప్పుడు చప్పట్లు కొట్టారు మీరు.

ఆ వరుసలో మన ఆడపిల్లలు నవ్వుతున్నారు. మనవలను ఎత్తుకున్నవాళ్ళను ఆడపిల్లలు అంటున్నానని నవ్వకండి. ఈ బడి ఆవరణలో నాకు ఇంకో మాట రాదు.

ఒక అవ్వ సంగతి చెప్పాలి మీకు. 2023లో కంటి వెలుగు రెండో విడత జరిగింది కదా, వంద పనిదినాలు. నేనూ ఒక జట్టులో ఉన్నాను. ఒక ఊళ్ళో పంచాయతీ ఆఫీసులో శిబిరం. డెబ్భై దాటిన అవ్వ వచ్చింది. దూరం చూపు పరవాలేదు. దగ్గరి చూపు పరీక్షకు చదివించే కార్డు ఇస్తాం, అవ్వకు చదువు రాదు. అలాంటివాళ్ళకు నేను బియ్యంలో రాళ్ళు చూపిస్తాను, సూదీ దారం ఇస్తాను. సరైన నంబరు అద్దం పెట్టగానే అవ్వ సూదిని చూడలేదు. తన చేతిని చూసుకుంది. ముంజేతి మీద పచ్చబొట్టు ఉంది. ఇన్నాళ్ళూ నల్లగా ఒక మరకలా కనిపించి ఉంటుంది. అద్దాల్లోంచి చుక్క చుక్కా కనిపించాయి. తేలు బొమ్మ. వేలితో ఒక్కో చుక్కనూ తడిమింది. ‘కొండి ఉన్నది బిడ్డా! దీనికి కొండి ఉన్నది!’ అంది.

నేను అడిగాను, ఎప్పుడు పొడిపించుకున్నావు అవ్వా అని. చెర్వుగట్టు జాతరలో అట. పెళ్ళికి ముందు. పక్కింటి పిల్లా తనూ ఇద్దరూ కలిసి వెళ్ళి, ఇంట్లో చెప్పకుండా పొడిపించుకున్నారట. పక్కింటి పిల్ల పువ్వు వేయించుకుంది, నేను తేలు వేయించుకున్నా, ఎవరికి ధైర్యం ఎక్కువో చూడు అంది. వెనక లైనులో నలభై మంది ఉన్నారు. అయినా అవ్వను లెమ్మని నేను అనలేదు. జాతరలో కొన్న గాజుల రంగు చెప్పింది, ఇంటికి వచ్చాక వాళ్ళ నాయన ఏమన్నాడో చెప్పింది. రెండు గజాల దూరంలో కూర్చున్న కొడుకు ‘ఇవన్నీ మాకెప్పుడూ చెప్పలేదే’ అన్నాడు. ‘మీరు అడిగిన్రారా?’ అంది అవ్వ.

నా ఉద్యోగంలో ఎన్నో వేల కళ్ళు చూశాను. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. మీరు అడిగిన్రారా?

మనస్తత్వ శాస్త్రంలో ఒక సంగతి చాలాసార్లు తేలింది. నడివయసు దాటినవాళ్ళను జ్ఞాపకాలు చెప్పమంటే, పదో ఏడు నుంచి ముప్పయ్యో ఏడు మధ్య జరిగినవి ఎక్కువగా చెబుతారట. మన చూపు కూడా అంతే కదా. చేతిలో ఉన్న చీటీ మసక, ఎదురుగా ఉన్న గుట్ట స్పష్టం. నిన్న రాత్రి కూర ఏమిటంటే ఆలోచించాలి. 1979 జూలైలో ఏం తిన్నాం అంటే?

చెప్పండి, ఏం తిన్నాం? కోడికూర! అదిగో, అందరూ ఒక్కసారే అన్నారు. స్కైలాబ్!

మన పిల్లలకు ఈ మాట చెబితే ఏదో పరీక్షల ల్యాబ్ అనుకుంటారు. అమెరికావాళ్ళు 1973లో పైకి పంపిన అంతరిక్ష కేంద్రం అది. 77 టన్నులు. కిందికి జారుతోంది, ఎక్కడ పడుతుందో తెలియదు. మనం అప్పుడు ఏడో తరగతి. ఊళ్ళో రేడియో ఉన్న ఇంటి అరుగు మీద పొద్దున్నే జనం. తెలుగు వార్తలు ఇంకా రాలేదు, సంస్కృతంలో వస్తున్నాయి. ‘ఇయం ఆకాశవాణీ, సంప్రతి వార్తాః శ్రూయంతామ్.’ అర్థం కాకపోయినా అందరూ వింటున్నారు, మధ్యలో స్కైలాబ్ అన్న మాట వస్తుందేమోనని. సంస్కృత వార్తలను మా ఊరు అంత శ్రద్ధగా ఇంకెప్పుడూ విని ఉండదు.

ఎలాగూ పోయేవాళ్ళమే కదా అని మేకలు కోశారు, కోళ్ళు కోశారు. మా నాయనమ్మ ఒక్క గుడ్డు కూడా మాకు పెట్టకుండా అమ్మి, ఆ డబ్బులు రోలు కింద దాచేది. అలాంటి మనిషి తన పెట్టను తనే పట్టి ఇచ్చింది. దాచిన నెయ్యి తీసింది. ‘తినుండ్రి, తినుండ్రి, ఏం మిగిలిస్తమిగ’ అంది. రాత్రి అందరం ఒకే గదిలో, ఒకరి చేయి ఒకరు పట్టుకుని పడుకున్నాం. నాకు భయం కంటే కడుపు నిండిన సుఖమే గుర్తుంది. నిజంగా చెబుతున్నాను.

అది హిందూ మహాసముద్రంలో, పడమటి ఆస్ట్రేలియాలో పడింది. మా ఊళ్ళో ఏమైంది? తెల్లారి కూయడానికి పుంజు లేదు. ఊరంతా ఆలస్యంగా లేచింది. బడికి కూడా ఆలస్యంగా వచ్చాం. సార్, ఆ రోజు మీరు ఎవరినీ గోడ కుర్చీ వేయించలేదు. మీరూ ఆలస్యంగానే వచ్చారు సార్!

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది.

అదే సంవత్సరం, ఏడో తరగతిలోనే, 1980 ఫిబ్రవరి 16. శనివారం, అమావాస్య. శివరాత్రి వెళ్ళిన వెంటనే. సంపూర్ణ సూర్యగ్రహణం. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయే దారి మన నల్లగొండ జిల్లా మీదుగానే వెళ్ళింది. ఇటు రంగాపూర్‌లో ఉస్మానియా యూనివర్సిటీవాళ్ళ అబ్జర్వేటరీ ఉంది కదా, అది కూడా ఆ దారిలోనే ఉంది. దేశదేశాల నుంచి శాస్త్రవేత్తలు యంత్రాలు మోసుకుని మన దిక్కుకు వచ్చారు. మనం ఏం చేశాం? తలుపులు వేసుకున్నాం.

మా ఇంట్లో సంగతి చెబుతాను. పచ్చడి జాడీల మీద గరిక వేశారు. ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టారు. తలుపు సందుల్లో పాత గుడ్డలు కుక్కారు. కడుపుతో ఉన్న మా చిన్నమ్మను లోపలి గదిలో కదలకుండా పడుకోబెట్టారు. మేం పిల్లలం రోకలి చుట్టూ కూర్చున్నాం. మాది గూన పెంకుల ఇల్లు. రెండు పెంకుల మధ్య సన్నని సందులోంచి వెలుగు రూపాయి బిళ్ళలా నేల మీద పడేది రోజూ. ఆ రోజు ఆ బిళ్ళ గుండ్రంగా లేదు. ఒక పక్క కొరికినట్టు ఉంది. చూస్తుండగానే నెలవంక అయింది. నేల మీద నెలవంక! పక్కనే ఇంకో చిన్న సందు, దాని కింద ఇంకో చిన్న నెలవంక. నేను వేలు పెట్టి చూశాను. వేలి మీద కూడా నెలవంకే.

‘నాయనమ్మా, ఇది చూడు’ అన్నాను. అదే నేను చేసిన పొరపాటు. ఆమె చూసి, నిట్టాడి పక్కన నిచ్చెన వేయించి ఆ సందుల్లో కూడా గుడ్డ పెట్టించింది. చీకటి. ఆ తర్వాత ఏమీ లేదు. రోకలి కూడా కనిపించలేదు.

ఉద్యోగంలో చేరే ముందు శిక్షణలో చీకటి గదికి సన్నని రంధ్రం పెట్టి బయటి బొమ్మ గోడ మీద పడేలా చూపించారు. కన్ను కూడా ఇలాగే పనిచేస్తుంది అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ నెలవంక సూర్యుడే! మా ఇల్లే ఒక కన్ను అయి సూర్యుణ్ణి చూపించింది, నేను వేలి మీద పట్టుకున్నాను. సరిగ్గా పూర్తిగా మూసుకునే వేళకు మా నాయనమ్మ రెప్ప వేసేసింది. ఆమె మీద నాకు కోపం లేదు. మా కళ్ళు కాపాడాలనుకుంది. నా వృత్తివాడిగా చెబుతున్నాను, గ్రహణాన్ని మామూలు కళ్ళతో చూస్తే కంటి వెనక పొర కాలుతుంది. ఆ పొరకు నొప్పి తెలియదు, కాలేటప్పుడు తెలియనే తెలియదు. పూర్తిగా మూసుకున్న ఆ కాసేపు మాత్రమే నేరుగా చూడవచ్చు. మన దగ్గర ఆ కాసేపు సుమారు రెండు నిమిషాలు.

ఆ రెండు నిమిషాలు నా దగ్గర లేవు. పుస్తకాల్లో చదివాను, ఫొటోలు చూశాను. నా తల మీదే, నా ఊరి మీదే జరిగిన రెండు నిమిషాలు నాకు తెలియవు. ఎవరైనా చూశారా అని ఇన్నేళ్ళలో అడగాలని కూడా అనిపించలేదు. అందరం తలుపులు వేసుకున్నాం కదా, ఎవరు చూసి ఉంటారు అనుకున్నాను.

పొద్దున టీ తాగుతుంటే మాట వచ్చింది. వెనక వరుసలో, కిటికీ పక్కన కూర్చున్నాడు చూడండి, అప్పుడూ అక్కడే కూర్చునేవాడు. ‘నేను చూసిన’ అన్నాడు. ఆ రోజు వాళ్ళ నాయనకు జ్వరం. గొర్లను వదిలి రావడానికి లేదు. అమ్మా వీడూ గుట్ట కింద ఉన్నారట. మూడున్నర దాటాక గాలి చల్లబడింది, గొర్లు మేయడం ఆపి ఒక్కచోట గుమిగూడాయి అన్నాడు. ‘తర్వాత?’ అన్నాను. ఇంతలో ఎవరో వచ్చి హాజరుకు టైమైందన్నారు. అక్కడ ఆగిపోయింది.

నలభై ఆరేళ్ళు! ఏడో తరగతిలో మా ఇద్దరికీ మధ్య ఒకే బెంచీ. సోమవారం బడికి వచ్చాం కదా, ఆ రోజే అడిగి ఉండొచ్చు. అప్పుడు మనకు ఏడో తరగతి పరీక్షల టెన్షన్. తర్వాత పదో తరగతి, ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు, పిల్లల ఫీజులు. ఆ అవ్వ కొడుకును అన్న మాట పొద్దున నుంచి నా చెవిలో మోగుతూనే ఉంది.

సాయంత్రం మీ కళ్ళు పరీక్ష చేస్తాను, కార్డులు, అద్దాల పెట్టె కారులో తెచ్చుకున్నాను. రోడ్డు పక్కన కొన్న అద్దాలతో సరిపెట్టుకుంటున్నవాళ్ళు తప్పకుండా రండి. నీటికాసులు, షుగరు వల్ల కంటి వెనక వచ్చే దెబ్బ, ఇవి మొదట్లో మనకు తెలియవు, ఎవరో ఒకరు చూసి చెప్పాల్సిందే. సిగ్గుపడొద్దు, మనమంతా ఒకే నంబరుకు అటూ ఇటూ ఉంటాం.

నా ఐదు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. కానీ నాకు ఆ రెండు నిమిషాలు కావాలి. అరేయ్, లే. అట్ల చేయి ఊపకు, నువ్వు స్టేజీ మీద మాట్లాడకపోతే ఏమైంది, నాకు చెప్పు, వీళ్ళు వింటారు. ఆడపిల్లలూ, వాణ్ణి కొంచెం ముందుకు పంపండమ్మా. ఇదిగో మైకు. గొర్లు ఒక్కచోట గుమిగూడాయి అన్నావు. పైన ఏం కనిపించింది? చుక్కలు కనిపించాయా? మీ అమ్మ ఏమంది?